కోన్ జాయింటు మీదే కాళ్ల ప్యాడ్ వేయమంటున్నారు, వేయొచ్చా?

కోన్ బాటమ్

నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులో డిజైన్ చూస్తున్నాను. డిజైన్ అని పేరే గానీ డ్రాయింగు, ప్లేటు బిల్లు, పార్టీతో ఫోన్లు అన్నీ నా నెత్తినే. చేరి మూడేళ్లయింది. ఇంతవరకు చేసినవన్నీ డిష్ ఎండ్ ట్యాంకులే. కోన్ ఉన్న ప్రెషర్ వెస్సెల్ ఇదే మొదటిసారి.

పరవాడ వైపు ఒక పార్టీకి పొడి సున్నాన్ని గాలితో పైపులోకి తోసే వెస్సెల్ ఇది. లోపలి వ్యాసం 2000 మి.మీ., నిలువు షెల్ 1500, పైన 2:1 ఎలిప్టికల్ డిష్, కింద కోన్. కోన్ చివర నోరు 200. డిజైన్ ప్రెషర్ 0.6 ఎంపీఏ, అంటే షాపు భాషలో ఆరు కేజీలు. ప్లేటు ఎస్‌ఏ 516 గ్రేడ్ 70. తుప్పుకి 1.5 మి.మీ. వదిలాను. స్పాట్ రేడియోగ్రఫీయే, అంటే వెల్డులకు అక్కడక్కడే ఎక్స్‌రే, కాబట్టి జాయింట్ ఎఫిషియెన్సీ 0.85 తీసుకున్నాను. ప్రెషర్ వెస్సెళ్ల అమెరికా కోడ్ ఏఎస్ఎమ్ఈ సెక్షన్ 8 డివిజన్ 1 ప్రకారం షెల్‌కు 5.1, కోన్‌కు 5.9 వచ్చాయి. తుప్పు కూడా కలిపి రెండింటికీ 8 మి.మీ. వేశాను.

పార్టీ పంపిన స్కెచ్‌లో నాలుగు కాళ్లు ఉన్నాయి. ఒక్కో కాలి ప్యాడ్ (కాలికీ వెస్సెల్ గోడకీ మధ్య అతికించే ప్లేటు) సగం షెల్ మీద, సగం కోన్ మీద, సరిగ్గా జాయింటును కప్పుతూ ఉంది. నాకది ఎందుకో నచ్చలేదు. ఎందుకని అడిగితే మాత్రం చెప్పలేకపోయాను. మా ఫోర్‌మన్ "ప్యాడ్‌ను ప్రెస్ మీద కాస్త వంచి కూర్చోబెట్టేద్దాం అమ్మా, జాయింటుకి బలం కూడా" అన్నాడు. ఓనరుగారు ఆ మాటకే మొగ్గారు.

కోన్ ప్లేటు ఇప్పటికే కోసేశాం. సగం కోణం 30 డిగ్రీలు కాబట్టి విప్పితే సరిగ్గా అర్ధవృత్తం వస్తుంది. 2000 వ్యాసార్థంతో సున్నపు గీత గీసి మా మార్కింగ్ కుర్రాడు భలే మురిసిపోయాడు. షెల్ ప్లేటు ఇంకా కోయలేదు. సోమవారం కోత మొదలు.

ప్యాడ్ అక్కడ వేయొచ్చా? వేయకూడదంటే ఎంత పైకి జరపాలి? ఓనరుగారికి చెప్పగలిగే కారణం కావాలి. "నాకు నచ్చలేదు" అంటే వినరు.

పాత రాడ్డు

వేయకూడదమ్మా. నీకు నచ్చకపోవడం సరైనదే. కారణం చెప్తాను విను.

నేను డెబ్బైల చివర్లో విశాఖలోని ప్రభుత్వ వెస్సెల్ ఫ్యాక్టరీ బీహెచ్‌పీవీలో అప్రెంటిస్ చేశాను. ఇప్పుడది బీహెచ్‌ఈఎల్‌లో కలిసిపోయింది గానీ మా నోటికి ఆ పాత పేరే వస్తుంది. అక్కడ మా ఇన్‌స్ట్రక్టర్ కోన్ గురించి ఒక్క మాట చెప్పాడు, ఇప్పటికీ పోలేదు. లోపలి గాలి కోన్‌ను కిందికి నెడుతుంది. కోన్ గోడ ఏటవాలు కదా, అందుకని ఆ బరువంతా షెల్ అంచును కిందికే కాదు, లోపలికి కూడా గుంజుతుంది. గోనెసంచి మూతికి తాడు చుట్టి బిగించినట్టు. షెల్ అంతా ఉబ్బాలని చూస్తుంటే ఈ ఒక్క గీత దగ్గర నలగాలని చూస్తుంది. అంటే ఆ వెల్డు మామూలు చుట్టు వెల్డు కాదు, దానికి వేరే ఉద్యోగం ఉంది. ఆ ఉద్యోగంలో ఉన్నదాని భుజం మీద మళ్లీ కాలు మోపుతావా?

ఇక మీ ఫోర్‌మన్ చెప్పిన "వంచి కూర్చోబెట్టడం". కాగితం మీద కూర్చుంటుంది. ప్లేటు మీద కూర్చోదు. ఒకపక్క గుండ్రం, ఇంకోపక్క ఏటవాలు గుండ్రం, మధ్యలో మడత, ఆ మడత మీద వెల్డు గట్టు. నీ ప్యాడ్ ఏదో ఒకచోట నాలుగైదు మి.మీ. లేచే ఉంటుంది. లేచినచోట ఏం చేస్తారో నేను కళ్లారా చూశాను. షాపు పేరు చెప్పను. ఇలాంటిదే కోన్ వెస్సెల్, ఇలాంటిదే జాయింటు మీద ప్యాడ్. హైడ్రోలో, అంటే నీళ్లు నింపి ప్రెషర్ పెట్టే పరీక్షలో, నిలబడింది. అయ్యాక డీపీ (పగుళ్లు చూపించే ఎర్ర రంగు) కొడితే ప్యాడ్ కింది మూల దగ్గర ఎర్రగా వెంట్రుకంత గీత. గ్రైండింగ్ పెట్టాం. గీత పోలేదు, లోపలికి పోతూనే ఉంది. ఇంకా లోతుకు దిగితే ఒక రాడ్డు ముక్క బయటపడింది! పైపూత (ఫ్లక్స్) కొట్టేసిన 7018 వెల్డింగ్ రాడ్డు, వేలెడు పొడవు. సందు పెద్దదైందని అందులో రాడ్డు ముక్కలు కుక్కి, పైన ఒక పాసు పూసేశాడు వెల్డరు. బయటినుంచి ఫిల్లెట్, అదే మూలలో పూసిన వెల్డు, ముత్యాల్లా ఉంది. లోపల ఏదీ దేన్నీ పట్టుకోలేదు. నాలుగు ప్యాడ్లూ పీకించారు. పీకేటప్పుడు కోన్ జాయింటు కూడా రెండుచోట్ల గాయపడింది. అది సరిచేయడానికి వారం.

ఇంకోటి. ప్యాడ్ జాయింటును కప్పేస్తే రేపు ఆ జాయింటు కారినా నీకు తెలియదు. కారింది ప్యాడ్ కింద తిరిగి తిరిగి ఎక్కడో బయటికొస్తుంది.

ప్యాడ్‌కి బెజ్జం పెట్టారా? పెట్టకపోతే వెల్డు చుట్టూ తిరిగి మొదలైనచోటికి వచ్చేసరికి లోపలి గాలి వేడెక్కి చివరి అంగుళంలోంచి ఊదుతుంది. ఎన్నిసార్లు పూసినా పెసరగింజంత పిన్‌హోల్. కుర్ర వెల్డరు పాపం తన చేతిని తిట్టుకుంటాడు. తప్పు బెజ్జం లేకపోవడం.

నీ దగ్గర నాకు కావలసింది ఒకటుంది. ఈ వెస్సెల్ ఒకసారి గాలి నింపితే అలాగే ఉంటుందా, నింపుతూ వదులుతూ ఉంటారా?

కోన్ బాటమ్

గురువుగారూ, చదువుతుంటే రాడ్డు ముక్క నా చేతిలో ఉన్నట్టే అనిపించింది. ఓనరుగారికి పైకే చదివి వినిపించాను. ఏమీ అనలేదు, టీ చెప్పారు.

నింపుతూ వదులుతూనే ఉంటారు. పైనుంచి సున్నం పడాలి, వాల్వు మూయాలి, గాలి ఎక్కించాలి, తోయాలి, గాలి వదలాలి. పార్టీని ఇప్పుడే అడిగాను. గంటకు నాలుగు బ్యాచ్‌లట, మూడు షిఫ్టులూ. ఇది డేటాషీట్‌లో లేదు. నేనూ అడగలేదు.

లెక్కల పిచ్చి

ఆ డేటాషీట్‌లో లేని ముక్కే అసలు సంగతి. గంటకు నాలుగంటే రోజుకు 96. ఏడాదికి 350 రోజులు పెట్టుకున్నా 33,600 సార్లు సున్నా నుంచి పూర్తి ప్రెషర్ వరకు. డివిజన్ 1లో యూజీ-22 కింద ఇలాంటి సైకిళ్లను లెక్కలోకి తీసుకోవాల్సిందే. ఎలా అన్నది డివిజన్ 2లో ఉంటుంది. అక్కడ ఫటీగ్ లెక్క, అంటే పదేపదే నింపి వదిలితే మెటల్ అలసి పగులుతుందా అన్న లెక్క, అవసరమా కాదా తేల్చడానికి ఒక జల్లెడ పెట్టారు. ఏకఖండంగా, వెల్డు ప్లేటు మందమంతా దిగేలా (పూర్తి పెనెట్రేషన్‌తో) చేసిన వెస్సెల్‌కు 1000 సైకిళ్లు. ఫిల్లెట్ వెల్డుతో అతికించిన ప్యాడ్ లాంటివి ఉంటే 400. ఈ వెస్సెల్ 400ను ఐదో రోజున దాటుతుంది, 1000ని పదకొండో రోజున. కాబట్టి ఫటీగ్ లెక్క తప్పించుకునే దారి లేదు.

ఇప్పుడు కోన్ జాయింటు. పాత రాడ్డుగారు చెప్పిన గోనెసంచి తాడు ఎంత గట్టిగా బిగుస్తుందో చూద్దాం. ప్రెషర్ వల్ల షెల్ నిలువునా మోసేది మిల్లీమీటరుకు 300 న్యూటన్లు. దాన్ని టాన్ 30తో గుణిస్తే 173. చుట్టూ ప్రతి మిల్లీమీటరునూ 173 న్యూటన్లు లోపలికి లాగుతున్నాయన్నమాట. వ్యాసార్థంతో గుణిస్తే ఆ గీత వెంబడి నలుపుడు 173 కిలోన్యూటన్లు, పదిహేడున్నర టన్నులకు పైనే.

మీరు షెల్ మందం, కోన్ మందం విడివిడిగా చూసి ఆపేశారు. కోన్ జాయింటు బలం లెక్క ఉండే అపెండిక్స్ 1-5 తెరవలేదు కదా? చాలామంది తెరవరు, తిట్టడం లేదు. ప్రెషర్‌ను అలవబుల్ స్ట్రెస్ (ప్లేటుకు కోడ్ ఒప్పుకునే ఒత్తిడి) 138 ఎంపీఏతో భాగిస్తే 0.00435. ఆ విలువకు పట్టికలో డెల్టా దాదాపు 21.7 డిగ్రీలు. మీ కోన్ 30. కోణం డెల్టాను మించితే జాయింటు దగ్గర అదనపు మెటల్ ఉండాలి. తుప్పు పోగా మిగిలిన కొలతలతో, కోన్ బరువు, అందులోని సున్నం బరువు కూడా కలిపితే 352 చదరపు మి.మీ. కావాలి. మీ 8, 8 ప్లేట్లలో అవసరానికి మించి మిగిలింది 159. సగం కూడా లేదు.

కాబట్టి ప్యాడ్ గొడవ లేకపోయినా ఈ డ్రాయింగు నిలబడదు.

మంచి విషయం ఏంటంటే షెల్ ఇంకా కోయలేదు. కోన్‌ను 8లోనే ఉంచి షెల్‌ను 10 చేస్తే 359 వస్తుంది. లెక్కకు సరిపోతుంది, గీత మీద. 12 చేస్తే 598. నేనైతే 12 వేస్తాను. బయట చుట్టూ రింగు కట్టి 8తోనే లాక్కురావచ్చు, కోడ్ ఒప్పుకుంటుంది. కానీ రింగు అంటే మళ్లీ ఫిల్లెట్ వెల్డు, అదీ అన్నిటికంటే అలసిపోయే చోట.

12కు ఇంకో లాభం ఉంది. షెల్ అంత మందం ఉంటే సపోర్టుకు ప్యాడ్ అక్కర్లేకుండా పోవచ్చు. కాళ్లు మానేసి షెల్ మీద నాలుగు లగ్గులు (స్టాండు మీద ఆనే చెవులు) పెట్టండి. గసెట్లు, అంటే లగ్గు నిలువు పలకలు, నేరుగా షెల్‌కు, రెండువైపులా బెవెల్‌తో పూర్తి పెనెట్రేషన్. అప్పుడు ఫిల్లెట్ ప్యాడ్ అన్న మాటే ఉండదు. లగ్గు దగ్గర షెల్‌లో లోకల్ స్ట్రెస్ డబ్ల్యూఆర్‌సీ 537 అనే లెక్క పద్ధతితో చూసి, ఆ విలువలతోనే ఫటీగ్ చూడండి. హైడ్రోలో నీళ్లతో కలిపి మొత్తం దాదాపు 10 టన్నులు. దాన్ని నాలుగుతో భాగించకండి. నాలుగు కాళ్ల బల్ల ఎప్పుడూ రెండు కాళ్ల మీదే నిలబడుతుంది. రెండు లగ్గులే మోస్తున్నాయని లెక్క వేయండి.

లగ్గు కింది అంచు జాయింటుకు ఎంత దూరం? జాయింటుకు బలంగా మీరు లెక్కలో చూపించిన మెటల్, 12 షెల్‌లో, సుమారు 100 మి.మీ. పట్టీ. ఆ పట్టీని ఎవరూ ముట్టుకోకూడదు. దాని రెట్టింపు, 200 వదలండి.

ఆరుబయట పెడుతున్నారా? అయితే స్ట్రక్చర్ వేసేవాళ్లకు గుర్తు చేయండి. ఐఎస్ 875లో విశాఖకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. 2015 సవరణలో తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు పరిశ్రమల కట్టడాలకు 1.15 గుణకం అదనం. హుద్‌హుద్ చూసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు గానీ, పార్టీ స్ట్రక్చర్ డ్రాయింగులు ఒక్కోసారి హైదరాబాద్‌లో తయారై వస్తాయి.

ఫిల్మ్ చదివేవాడు

ఇన్‌స్పెక్షన్ వైపు నుంచి రెండు మాటలు.

మీ కోన్ సరిగ్గా 30 డిగ్రీలు. ఆ 30 లోపు ఉన్నంతవరకే యూడబ్ల్యూ-3 ఈ జాయింటును చుట్టు బట్ వెల్డుగా చూస్తుంది. 30 దాటితే ఆ వెసులుబాటూ పోతుంది, లెక్కల పిచ్చిగారు వాడిన 1-5 మామూలు రూలూ పోతుంది. గీత మీద డిజైన్ చేసి రోలింగ్‌లో ఒక డిగ్రీ తేడా వస్తే ఏం చేస్తారు? ఫిటప్‌లో నేను ప్రొట్రాక్టర్ నమ్మను, టేపు పెడతాను. 2000 నుంచి 200కు దిగే కోన్ 30 డిగ్రీలకు 1559 మి.మీ. ఎత్తు ఉండాలి. 31 డిగ్రీలైతే 1498. అరవై మి.మీ. అంటే ఒక డిగ్రీ. 1559కి ఒక్క మిల్లీమీటరు తగ్గినా నేను సంతకం పెట్టను.

12 షెల్, 8 కోన్ అంటే 4 మి.మీ. తేడా. పలచటి దానిలో నాలుగో వంతు 2 మి.మీ., అది దాటింది కాబట్టి టేపర్ తప్పదు. ఒకటికి మూడు, అంటే కనీసం 12 మి.మీ. పొడవు. బయటివైపు కొట్టండి, లోపల ఫ్లష్‌గా ఉంచండి. లోపల మెట్టు వదిలితే సున్నం అక్కడే కూర్చుని గడ్డకడుతుంది. అప్పుడు ఆపరేటరు సుత్తి తెచ్చి కోన్‌ను బయటినుంచి బాదుతాడు. ఆ సుత్తి దెబ్బల సొట్టలు నేను చాలా కోన్ల మీద చూశాను.

ఈ జాయింటును డిష్ మూయకముందే చేయించండి. రూట్ టిగ్‌తో, పైన 7018, లోపలినుంచి గ్రైండ్ చేసి మళ్లీ ఒక పాసు. వెల్డు అంచును బయటా లోపలా మెత్తగా కలిసేలా గ్రైండింగ్. 33 వేల సైకిళ్లకు పగులు పుట్టేది ఆ అంచులోనే. రేడియోగ్రఫీకి ఆ మడత దగ్గర ఫిల్మ్ సరిగ్గా కూర్చోదు, డెన్సిటీ ఒక్కోవైపు ఒక్కోలా వస్తుంది. ముందే టెక్నిక్ షీట్ రాయించండి. నిలువు సీమ్‌లు షెల్‌వి, కోన్‌వి ఒకే వరుసలోకి రానివ్వకండి.

పాత రాడ్డు

లెక్కలబాబు సరిగ్గా చెప్పాడు. నేను 10 చాలనేవాణ్ని, కానీ ప్యాడ్ పీకేయొచ్చన్న మాటకి 12కే ఓటు.

రాడ్ల మాట ఎవరూ ఎత్తలేదు. మన ఊళ్లో సముద్రపు గాలి. డబ్బా విప్పిన 7018ని టేబుల్ మీద వదిలేసి భోజనానికి వెళ్లొస్తే చాలు, చెమ్మ పట్టేస్తుంది. పెద్ద ఓవెన్‌లో కాల్చి, చిన్న ఓవెన్‌లో వేడిగా ఉంచి, ఒక్కో రాడ్డు తీసుకుని వాడాలి. మీ షాపులో చిన్న ఓవెన్ ప్లగ్గు పెట్టి ఉంటుందా, లేక వెల్డర్ల టిఫిన్ బాక్సులు అందులో ఉంటాయా చూడు. నవ్వకు, నేనూ పెట్టాను.

లగ్గు గసెట్ షెల్‌కు ఆనేచోట ఫీలర్ గేజ్ పెట్టించు. వెల్డు మొదలెట్టేముందు, నీ ముందే. ఫోర్‌మన్‌కి కోపం వస్తుంది. రానీ. "నా మీద నమ్మకం లేదా అమ్మా" అంటాడు. నీ మీద ఉంది, సందు మీద లేదు అని చెప్పు.

కోన్‌ను 8లోనే ఉంచుతున్నావు కాబట్టి కోసిన అర్ధవృత్తం వృథా పోలేదు. దాదాపు 390 కిలోలు కదా అది! మీ ఓనరు రాత్రి నిద్రపోతాడు.

ఇంకోటి, హైడ్రో అయ్యాక లోపల పూర్తిగా ఆరబెట్టి పంపండి. పొడి సున్నం నీళ్లు తగిలితే ఉడుకుతుంది. కోన్ నోటి దగ్గర ఒక చెంబుడు నీళ్లు మిగిలినా మొదటి బ్యాచే అక్కడ రాయైపోతుంది, తిట్లు ఫ్యాబ్రికేటర్‌కి.

కోన్ బాటమ్

అందరికీ ధన్యవాదాలు. ఏం జరిగిందో చెప్పకుండా పోతే బాగోదని మళ్లీ వచ్చాను.

అపెండిక్స్ 1-5 నేనే చేత్తో వేశాను. 351 వచ్చింది, ఆ ఒక్క చదరపు మిల్లీమీటరూ పట్టికలో డెల్టాను నేను కొంచెం వేరుగా చదవడం వల్ల. షెల్ 12కి మార్చాం. బరువు దాదాపు 300 కిలోలు పెరిగింది. పార్టీకి ఆ రేటు ఒప్పించడానికి ఫోన్ మీద నలభై నిమిషాలు పట్టింది. సైకిళ్ల సంఖ్య వాళ్లచేత డేటాషీట్‌లో రాయించి, సంతకం పెట్టించి వెనక్కి తెప్పించాను. ఆ సంతకం అడిగాకే వాళ్ల మెయింటెనెన్స్ ఆయన మెత్తబడి "మా పాత వెస్సెల్‌కి కాళ్ల దగ్గర రెండుసార్లు పగుళ్లు వచ్చాయి, అందుకే ఈసారి ప్యాడ్ పెద్దది గీశాం" అన్నాడు. ఆ ముక్క మొదట్లోనే చెప్పి ఉంటే!

కాళ్లు పోయాయి. నాలుగు లగ్గులు, కింది అంచు జాయింటుకు 200 పైన. వాళ్లే నాలుగు స్తంభాల స్టాండు వేసుకుంటారు. రెండు లగ్గులు మోసే లెక్కలో లోకల్ స్ట్రెస్ పాసయ్యింది. ఫటీగ్ లెక్కను ఒక కన్సల్టెంట్ చూస్తున్నారు, అది చేతికి వచ్చేవరకు లగ్గులు వెల్డు చేయనివ్వను.

చిన్న ఓవెన్‌లో టిఫిన్ బాక్సు లేదు గురువుగారూ. తడి గ్లౌజులు ఆరేసి ఉన్నాయి.

నిన్న కోన్ రోలింగ్ అయ్యి, నిలువు సీమ్ పడింది. వెడల్పాటి మూతి నేలకు ఆనించి నిలబెట్టాం. టేపు నేను పట్టుకున్నాను, పైన ఫోర్‌మన్. 1562 వచ్చింది. లెక్క వేస్తే 29.95 డిగ్రీలు. ఆయన ఏమీ మాట్లాడకుండా దిగి, స్టోర్స్‌కి వెళ్లి ఇంకో టేపు తెచ్చి, ఈసారి కింద తను పట్టుకుని నన్ను పైకి ఎక్కమన్నాడు. మళ్లీ 1562.